ఐసీడీఎల్, ఎంఓఎస్: వైకల్యం ఉన్న అభ్యర్థికి ఏది అనువు?

కంప్యూటర్ నైపుణ్యానికి ధ్రువపత్రం కోరుకునే వైకల్యం గల అభ్యర్థులు ముఖ్యంగా పోల్చి చూడవలసినవి రెండు: 1990లలో ఐరోపాలో ఈసీడీఎల్ పేరుతో మొదలైన అంతర్జాతీయ కంప్యూటర్ నైపుణ్య ధ్రువపత్రం ఐసీడీఎల్, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్ అనే ఎంఓఎస్.

ఐసీడీఎల్ మాడ్యూళ్లుగా ఉంటుంది కనుక, ఎక్కువసేపు కూర్చోలేనివారు, త్వరగా అలసిపోయేవారు ఒక్కో విషయాన్ని విడిగా నేర్చుకుని విడిగా పరీక్ష రాయవచ్చు. ఎంఓఎస్ ఎక్సెల్, వర్డ్ వంటి ఒకే ప్రోగ్రామ్‌లో లోతును కొలుస్తుంది. 1000కి 700 స్కోరు రావాలి. కార్యాలయ ఉద్యోగమే లక్ష్యమైతే ఎంఓఎస్‌కే నా మొగ్గు.

అయితే అసలు చిక్కు పరీక్ష తెరలో ఉంది. స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే వ్యక్తి ఎక్సెల్‌లో బాణం మీట నొక్కగానే సెల్ చిరునామా, అందులోని అంకె చెవిన పడతాయి. ఎఫ్2 నొక్కి సవరిస్తారు, మౌస్‌తో పనే ఉండదు. ఎంఓఎస్‌లో మాత్రం వర్క్‌షీట్ పైన, చేయవలసిన పని కింది పేన్‌లో (తెరలోని విడి భాగంలో) ఉంటాయి. ఆ పేన్‌ను స్క్రీన్ రీడర్ చదవకపోతే, ఎంత నైపుణ్యం ఉన్నా అభ్యర్థికి ప్రశ్నే అందదు. అదనపు సమయం ఇచ్చినా ఈ లోటు తీరదు, అది నిజంగా అన్యాయం. చేతుల కదలిక పరిమితమైనవారికి ఈ ఇబ్బంది తక్కువ, స్టికీ కీస్ (కలిపి నొక్కాల్సిన మీటలను ఒకదాని తర్వాత ఒకటి నొక్కనిచ్చే సదుపాయం) అనుమతిస్తే చాలావరకు సరిపోతుంది.

అందువల్ల ఏ పరీక్షకైనా రుసుము కట్టకముందే, తాము వాడే స్క్రీన్ రీడర్‌తో నమూనా పరీక్షను ఆ పరీక్షా కేంద్రంలోనే ప్రయత్నించి, కావలసిన సదుపాయాలకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.