దాక్కున్న గడ్డను పట్టుకోవడానికి సీటీ మేలా, పెట్ మేలా?

యాభై దాటిన మనిషి, ఏళ్ల తరబడి సిగరెట్లు తాగినవాడు. మెట్లెక్కుతుంటే తొడలు సహకరించడం లేదని, నోరు ఎండిపోతోందని వస్తాడు. న్యూరాలజిస్టు మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు కదలదు. పది సెకన్లు కాలు చాచి బిగబట్టించి మళ్లీ తడితే, ఈసారి లేస్తుంది! లాంబర్ట్-ఈటన్ సిండ్రోమ్ అనే కండరాల బలహీనత జబ్బును పట్టించే గుర్తుల్లో ఇదొకటి. ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు సగం మందికి క్యాన్సర్ ఉంటుంది. అది ఎక్కువగా ఊపిరితిత్తుల్లో పుట్టే స్మాల్ సెల్ రకం. దాని మీదికి శరీరం పంపిన యాంటీబాడీలే నరం కండరాన్ని కలిసే చోట దెబ్బ తీస్తాయి. తరచూ దగ్గు మొదలవకముందే కాళ్లు మొరాయిస్తాయి.

స్కాన్లలో ఇతనికి ముందు ఛాతీ సీటీయే. నిమిషాల్లో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. అందులో ఏమీ దొరకకపోతే పెట్-సీటీ. దానికి గంటల తరబడి కడుపు మాడ్చుకోవాలి, రేడియోధార్మిక గ్లూకోజు ఎక్కించాక దాదాపు గంటసేపు కదలకుండా, కబుర్లు లేకుండా ఉండాలి. క్యాన్సర్ కణాలు ఆ గ్లూకోజును ఆబగా మింగి బయటపడతాయి. సీటీ పట్టించుకోని చిన్న లింఫు గ్రంథిని సైతం పెట్ చూపగలదు. కాకపోతే క్షయ సోకిన గ్రంథి కూడా అలాగే వెలుగుతుంది. మన దగ్గర ఇది చిన్న చిక్కు కాదు, ముక్క తీసి చూస్తే తప్ప తేలదు.

అయినా ఖరీదైనదే మేలని పెట్‌కు పరుగెత్తేవారికి ఒక మాట. ఇరవై ఏళ్ల అమ్మాయి ఉన్నట్టుండి లేనిపోని భయాలతో అరుస్తుంది, తర్వాత ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. అది ఎన్‌ఎండీఏ రిసెప్టార్ ఎన్‌సెఫలైటిస్, అంటే ఒంటి యాంటీబాడీలే మెదడు మీద పడే జబ్బు, కావచ్చు. 2007లో న్యూరాలజిస్టు జోసెప్ దాల్మౌ బృందం దీన్ని 12 మంది స్త్రీలలో వివరించింది. దాదాపు అందరికీ అండాశయంలో టెరటోమా ఉంది. వెంట్రుకలు, పళ్లు, నాడీ కణజాలం కూడా ఉండగల ఈ గడ్డ చాలాసార్లు క్యాన్సర్ కాదు, గ్లూకోజుకు ఎగబడదు. పెట్ దాన్ని సులువుగా వదిలేస్తుంది. పొత్తికడుపు ఎమ్మారై, చవకైన అల్ట్రాసౌండ్ ఇక్కడ మెరుగు.

అందుకే నా ఓటు ముందుగా రక్తం, వెన్నునీటిలో యాంటీబాడీ పరీక్షకు. యాంటీ-యో అనే యాంటీబాడీ కనిపిస్తే రొమ్ము, అండాశయం. యాంటీ-హు వస్తే ఊపిరితిత్తులు వెతకాలి. ఫలితం కోసం ఎదురుచూస్తూ చికిత్స మొదలుపెట్టడం ఆలస్యం చేయకూడదు. క్యాన్సర్ ముప్పు ఎక్కువున్నవారిలో తొలి స్కాన్ శుభ్రంగా ఉన్నా రెండేళ్ల పాటు, నాలుగు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ వెతకాల్సిందే.