ఏప్రిల్‌లో గోవా: కలంగూట్, పణజి, బెనౌలిం బసలు, ఒక చిన్న బార్ సంగతి

ఏప్రిల్‌లో గోవా వెళ్తే పొద్దున్న పదకొండు దాటాక బయట తిరగలేం. ఆ సంగతి తెలిసి వెళ్తే మిగతావన్నీ లాభాలే. డిసెంబర్‌తో పోలిస్తే రూముల అద్దెలు బాగా దిగి ఉంటాయి, ఇసుకలో పందిళ్ళు వేసి తిండి, మందు అమ్మే షాక్‌లు ఇంకా ఉంటాయి, పైగా అది జీడిపండ్ల నుంచి కాచే ఉర్రాక్ అనే సారా దొరికే కాలం. మావారు, నేను, మా మరిది, తోటికోడలు కలిసి వెళ్ళాం. కలంగూట్, పణజి, బెనౌలిం మూడు చోట్లా దిగాం. ఏ చోటు ఎవరికి పనికొస్తుందో రాస్తాను. బెనౌలిం గురించి కాస్త ఎక్కువే రాస్తాను. మేం దిగిన లాడ్జి కింద ఒక చిన్న బార్ ఉంది. దాని కొత్త మేనేజర్ చేస్తున్న పని ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది.

ముందు రైలు సంగతి. సికింద్రాబాద్ నుంచి వాస్కోకి 2024 అక్టోబర్‌లో వారానికి రెండు రోజులు నడిచే నేరు రైలు వేశారు. ఉదయం ఎక్కితే మర్నాడు తెల్లవారేసరికి గోవాలో ఉంటాం. వెళ్ళేటప్పుడు ఘాట్ చీకట్లోనే దాటేస్తుంది. తిరుగు రైలు పొద్దున బయలుదేరుతుంది కాబట్టి కులెం, క్యాసిల్‌రాక్ మధ్య అడవి, సొరంగాలు పట్టపగలు చూడొచ్చు. దూద్‌సాగర్ జలపాతం ఎత్తు 310 మీటర్లు. ఏప్రిల్‌లో నీళ్ళు సన్నగా ఉంటాయి, దాని కోసమే వెళ్ళాలంటే వానలు పడ్డాక వెళ్ళండి. దక్షిణ గోవాలో దిగేవాళ్ళు వాస్కో దాకా పోకుండా మడ్‌గావ్‌లో దిగితే దగ్గర.

కలంగూట్ మాకు నచ్చలేదు. హోటల్ పేరు రాయను. ఫొటోల్లో సముద్రం కనిపించే గది అన్నారు. వెళ్ళి చూస్తే ఎదురుగా ఇంకో హోటల్ గోడ. గది మార్చమని అడిగితే ఖాళీలు లేవన్నారు. అర్ధరాత్రి దాకా పాటల మోత. కుర్రాళ్ళు గుంపుగా వెళ్ళి సందడి చేయాలనుకుంటే ఆ చోటు సరిపోతుంది. నిద్ర కావాల్సినవాళ్ళు, పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్నవాళ్ళు దూరంగా ఉండటం మేలు. ఇంకో మాట: బీచ్‌లో కూర్చుని తాగడం, పొయ్యి పెట్టి వండుకోవడం గోవాలో నేరం. 2019లో చట్టం సవరించి జరిమానా పెట్టారు. మనవాళ్ళు కార్లలో సామాను వేసుకొచ్చి ఇసుకలోనే సీసాలు వదిలేసి పోవడం చూసి నిజంగా బాధేసింది.

ఓలా, ఉబర్ లేవు. గోవా మైల్స్ అనే యాప్ ఉంది, దొరికినప్పుడు ధర న్యాయంగానే ఉంటుంది. కానీ పణజి, మడ్‌గావ్ మధ్య తిరగడానికి నా ఓటు కదంబ (గోవా ప్రభుత్వ బస్సు సంస్థ) వాళ్ళ నాన్‌స్టాప్ బస్సుకే. కౌంటర్లో టికెట్ తీసుకుని ఎక్కితే మధ్యలో ఎక్కడా ఆగదు, బేరమాడే టెన్షన్ లేదు. స్కూటర్ అద్దెకి తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉన్నదే తీసుకోండి. తెల్ల ప్లేటు బండి అద్దెకిస్తే పోలీసులు ఆపుతారు.

పణజిలో ఫోంతైన్యాస్ పేటలో పాత ఇంట్లో గది తీసుకున్నాం. చెక్క మెట్లు, ఎత్తైన కిటికీలు, పొద్దున్నే 'పోయి' అనే వేడివేడి గోవా రొట్టె. గది చిన్నది, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. అయినా ఉదయం ఆరింటికి, జనం రాకముందు ఆ సందుల్లో నడవడం కోసం అక్కడ ఒక రాత్రి ఉండాల్సిందే. చాలా ఇళ్ళ ముందు ఫొటోలు తీయొద్దని బోర్డులు ఉన్నాయి. అవి మనుషులు కాపురం ఉంటున్న ఇళ్ళు. వాళ్ళ గుమ్మం మీద కూర్చుని పోజులివ్వడం మర్యాద కాదు. సాయంత్రం మావారు, మరిది జోసెఫ్ బార్‌కి వెళ్తామంటే మేమూ వెళ్ళాం. లోపల నాలుగు బల్లలు కూడా సరిగ్గా పట్టవు, జనం గ్లాసులు పట్టుకుని సందులోనే నిలబడి మాట్లాడుకుంటున్నారు. అందులో ఆడవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు, ఎవరూ ఎవరినీ వింతగా చూడటం లేదు. మన దగ్గర చిన్న ఊళ్ళలో బార్ అంటే నల్ల అద్దాలు, లోపల చీకటి, ఫ్యామిలీ సెక్షన్ అని రాసిన మూల గది. ఆడవాళ్ళం అక్కడ కూర్చుని కాస్త అన్నం తిందామన్నా ఇబ్బందే. అందుకే ఆ సందు నాకు గుర్తుండిపోయింది.

అక్కడి నుంచి బెనౌలిం. మడ్‌గావ్‌కి దగ్గరే, సముద్రం ఒడ్డున పల్లెటూరు. మా లాడ్జి బీచ్‌కి కాస్త లోపలగా ఉంది. అద్దె కలంగూట్‌లో కట్టినదాంట్లో సగం. ఏసీ చప్పుడు చేస్తుంది, దోమలు ఉన్నాయి, పొద్దున టిఫిన్‌కి ఆమ్లెట్, రొట్టె తప్ప ఇంకేం దొరకవు. ఇవన్నీ తెలుసుకునే వెళ్ళండి. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

కింద బార్‌లో మొదటి రోజు రాత్రి మేము, ఒక పెద్దాయన తప్ప ఎవరూ లేరు. నీలం లైట్లు, స్పీకర్లు, అద్దాలు బిగించిన వరండా. మెనూ చూస్తే మంచూరియా, పిజ్జా, చికెన్ 65. మేనేజర్ మడ్‌గావ్ కుర్రాడు. క్రూజ్ షిప్పుల్లో బార్ పని చేసి ఈ మధ్యే ఇంటికొచ్చాడట. అంతకుముందు దీన్ని లీజుకి తీసుకున్నతను టూరిస్టుల కోసమని హంగులన్నీ పెట్టి, ఊళ్ళోవాళ్ళు తాగే ఫెనీ అనే సారా ధర పెంచేశాడు. దాంతో ఊళ్ళోవాళ్ళు రావడం మానేశారు. టూరిస్టులేమో ఇసుకలో సముద్రం ఎదురుగా షాక్‌లు ఉండగా లోపలికి ఎందుకు వస్తారు? పైగా రోడ్డు అవతల వైన్ షాపులో అదే బీరు బాగా తక్కువకి దొరుకుతుంది, కొనుక్కుని రూముల్లోనే తాగుతున్నారు. మన దగ్గర వైన్ షాపుల పక్కన పర్మిట్ రూములు వచ్చాక బార్లకు పట్టిన గతే ఇది. వచ్చే సీజన్‌కి ఉంచాలా మూసేయాలా అన్నది వానాకాలం లెక్కలు చూసి తేలుస్తానని ఓనర్ చెప్పారట.

భోజనం అయ్యాక మేనేజర్ మా దగ్గరకి వచ్చాడు. ఎలా ఉంది అని అడగలేదు. "బాగుందనే అంటారు మ్యాడమ్ అందరూ. అని వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. ఇక్కడ మీరు అడుగుదామనుకుని ఊరుకున్నది ఏదైనా ఉంటే చెప్పండి" అన్నాడు.

మా తోటికోడలు మందు ముట్టదు, కొత్తవాళ్ళతో ఎక్కువ మాట్లాడదు. అలాంటిది ముందు ఆమే నోరు తెరిచింది. ఆడవాళ్ళ బాత్రూమ్ గడియ పడటం లేదని, తను లోపలికి వెళ్తే నేను తలుపు పట్టుకుని నిలబడ్డానని చెప్పింది. మావారు టీవీ మోత తగ్గించమన్నారు. నేను ఫెనీకి మెనూలో ధర ఎందుకు లేదని అడిగాను. ధర రాయకపోతే అడగడానికి మొహమాటపడి చాలామంది బీరుతో సరిపెట్టుకుంటారు. ఇంకోటి కూడా చెప్పాను. మేం మంచూరియా తింటుంటే వంటింట్లోంచి పనివాళ్ళ కోసం వండుకున్న చేపల పులుసు వాసన వస్తోంది, అదే మాకు పెట్టి ఉంటే ఎంత బాగుండేది అని.

అతని దగ్గర పొడుగాటి నోటుపుస్తకం ఉంది. పేజీని మూడు గడులు చేసి పెట్టుకున్నాడు. ఒకటి రేపటికల్లా చేసేవి, రెండోది ఓనర్‌ని అడగాల్సినవి, మూడోది చేయనివి. మా మరిది బిర్యానీ పెట్టమన్నాడు. అది మూడో గడిలోకి వెళ్ళింది. ఎందుకో మొహం మీదే చెప్పాడు: "రోజూ హండీ దించితే మిగిలింది మర్నాడు వేడి చేసి పెట్టాలి సార్. మీరు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు, ఒక్క ముద్దతో కనిపెట్టేస్తారు." ఆ మాట నాకు నచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది పెట్టుకుంటూ పోతే పాత మెనూయే మళ్ళీ తయారవుతుంది.

లేడీస్ నైట్ పెట్టి ఆడవాళ్ళకి డ్రింకులు ఫ్రీగా ఇస్తే ఎలా ఉంటుందని నన్ను అడిగాడు. వద్దన్నాను. ఫ్రీ అని బోర్డు పెడితే ఆడవాళ్ళ కన్నా వాళ్ళని చూడటానికి వచ్చే మగవాళ్ళే ఎక్కువ ఉంటారు. మాకు కావాల్సింది గడియ పడే తలుపు, మొహాలు కనిపించే లైటు, నిమ్మసోడా తాగుతూ గంట కూర్చున్నా విసుక్కోని వెయిటర్. అలాగే, బండి నడిపే మనిషికి కోకం అనే పుల్లటి పండుతో చేసే సోడా ఊరికే ఇవ్వమని చెప్పాను. నలుగురు కలిసి రావాలా వద్దా అని తేల్చేది ఆ తాగని మనిషే. అతను లేడీస్ నైట్ అన్న మాట కొట్టేసి, కోకం సోడా మొదటి గడిలో రాసుకున్నాడు.

మర్నాడు సాయంత్రానికి బాత్రూమ్‌కి కొత్త గడియ వచ్చింది. నీలం లైట్లు ఆపేసి మామూలు బల్బులు వేశారు. గుమ్మంలో నల్లబల్ల మీద ఆ రోజు పులుసు, అన్నం, వేపుడు, వాటి ధరలు. దాని కింద ఉర్రాక్, జీడి ఫెనీ, కొబ్బరి ఫెనీ ధరలు. ఈ మూడింటినీ చిన్న గ్లాసుల్లో కొద్దికొద్దిగా రుచి చూపించమన్నది మావారి సలహా. ఆయన రుచి చూసి ఉర్రాక్‌కే ఓటేశారు. దాన్ని ఇక్కడ ఇచ్చే తీరు చూడాలి. గ్లాసులో ఉర్రాక్, పైన లిమ్కా, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, నిలువునా చీరిన పచ్చిమిర్చి. మొదట తియ్యగా ఉంటుంది, చివర్లో మిర్చి ఘాటు గొంతులో తగులుతుంది. నేను రెండు గుటకలతో ఆపాను, నాకు కోకం సోడానే హాయి.

మాది పలాస వైపు. జీడిపప్పు మా వ్యాపారం, కానీ పండుని మేం పట్టించుకోం, తోటల్లోనే కుళ్ళిపోతుంది. అందుకే సారా కాసే బట్టీ చూడాలని అడిగాను. అతను క్వెపెం వైపు కొండ కింద తెలిసినవాళ్ళ దగ్గరకి పంపాడు. రాలిన పండ్లు ఏరి, గింజ వలిచి, రాతి తొట్టిలో వేసి కాళ్ళతో తొక్కుతున్నారు. ఆ రసం పులిశాక ఒకసారి కాస్తే ఉర్రాక్, ఇంకోసారి కాస్తే ఫెనీ. ఉర్రాక్ నిలవ ఉండదు, మార్చి నుంచి మే దాకానే దొరుకుతుంది. జీడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత సొంత సరుకు చేతిలో పెట్టుకుని ఊరి బార్లు ఎక్కడైనా దొరికే బీరుని నమ్ముకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. (మద్యం కొనే వయసు గోవాలో 18, మన రెండు రాష్ట్రాల్లో 21. పిల్లల్ని విడిగా పంపే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.)

ఊళ్ళోవాళ్ళని మళ్ళీ రప్పించడం మాత్రం ఇంత సులువుగా లేదు. మొదటి రోజు కనిపించిన పెద్దాయనతో మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. గోవా ఇళ్ళ ముందు బల్కావ్ అని రాతి అరుగులున్న వరండా ఉంటుంది, మన వీధి అరుగు లాంటిదే. ఈ బార్‌కీ ఉండేది. సాయంత్రం అక్కడ కూర్చుని ఒక గ్లాసు ఫెనీ తాగుతూ వచ్చేపోయేవాళ్ళని పలకరించడం వాళ్ళకి అలవాటు. ఏసీ కోసం అద్దాలు బిగించేసరికి అది పోయింది. "లోపల కూర్చుంటే రోడ్డు మీద ఎవరు పోతున్నారో తెలియదు, ఇంట్లో కూర్చున్నట్టే. ఆ మాత్రానికి ఇక్కడికి ఎందుకు?" అన్నాడాయన. అద్దాలు తీయడం రెండో గడిలో అన్నిటికన్నా పైన రాసి ఉంది. ఏసీకి పెట్టిన డబ్బు పోతుందని ఓనర్ ఒప్పుకోవడం లేదట. నా లెక్కలో మాత్రం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అదే. టూరిస్టు ఏడాదికోసారి వస్తాడు, ఆ పెద్దాయన రోజూ వస్తాడు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. వంటమనిషి ఒక్కరే. రెండు బల్లలు నిండితే పులుసు రావడానికి ముప్పావు గంట పడుతోంది. శాకాహారులకి పప్పు, బంగాళాదుంప తప్ప ఏమీ లేదు, శనివారం మా తోటికోడలు వాటితోనే సరిపెట్టుకుంది. ఇవి కూడా పుస్తకంలో రాయించాం.

బెనౌలింలో ఇంకేం చూడాలంటే గోవా చిత్ర మ్యూజియం. పాత నాగళ్ళు, గానుగలు, బళ్ళు, వంట పాత్రలు వేల సంఖ్యలో సేకరించి పెట్టారు. వ్యవసాయ కుటుంబాల వాళ్ళకి పూట ఎలా గడిచిందో తెలియదు. పాత గోవా చర్చిలు అందరూ చూసేవే, పొద్దున్నే వెళ్తే ఎండ బాధ ఉండదు.

మళ్ళీ వెళ్తే నేను పణజిలో ఒక రాత్రి, మిగతావన్నీ బెనౌలింలో ఉంటాను. జూన్ నుంచి షాక్‌లు తీసేస్తారు కాబట్టి వానాకాలంలో ఈ చిన్న బార్‌కి పోటీ తగ్గుతుంది. జూన్ 24న సాంజావ్ పండగ. తలలకి పూలు, ఆకుల కిరీటాలు పెట్టుకుని బావుల్లో దూకుతారు, కొత్త అల్లుళ్ళకి మర్యాదలు చేస్తారు, ఫెనీ పంచుతారు. ఆ రోజుకి వరండాకి ఒక వైపు అద్దాలైనా తీయిస్తానని మేం బయలుదేరే ముందు ఓనర్ ఒప్పుకున్నారని మేనేజర్ చెప్పాడు. పెళ్ళయి ఏడాది కూడా కాని మా మరిది అప్పుడే ఆ వారం రైలు టికెట్లు వెతుకుతున్నాడు.