జడ్చర్ల కాడ జొన్న రొట్టెల మెస్, తప్పకుండ ఆగాలె

హైదరాబాద్ నుంచి మా నారాయణపేటకు పోయినప్పుడల్లా జడ్చర్లల బండి ఆపుతా, ఫ్యాక్టరీలుండే పోలేపల్లి సెజ్ దిక్కు పోయే రోడ్డు మీద రేకుల షెడ్డుల ఒక మెస్ ఉంటది, పెద్ద బోర్డు గీర్డు ఏం లేదు, కట్టెల పొయ్యి పొగ చూసి గుర్తుపట్టాలె.

రొట్టె గురించి చెప్తా ముందు. ఉడుకు నీళ్లతోని పిండి పిసికి, చేతితోనే టపటపా కొడ్తది మెస్ నడిపే అక్క, పెనం మీద ఏసినంక తడి చెయ్యితోని పైన అద్ది తిప్పుతది, నిప్పుల మీద పెట్టంగనే పొంగుతది. రెండు రొట్టెలు, పాలకూర పప్పు, పల్లీల తొక్కు, ఉల్లిగడ్డ కలిపి 60 రూపాయలు. తొక్కు అయితే మస్తుంటది. పప్పు మాత్రం రెండోసారి అడిగితే నీళ్లనీళ్లగ వస్తది, అది మార్చుకోవాలె.

మా నాయిన చిన్నగున్నప్పుడు ఇంట్ల రోజూ జొన్న గడ్కనే, వరి బువ్వ పండుగకే అంట, ఇప్పుడు అవే జొన్నల కోసం కార్లు ఆపుతున్నం.

అక్కవాళ్లు పదిహేనేండ్లు పూణెల బిల్డింగుల కాడ పనిచేసిండ్రు, కూలీలను పనికి తీస్కపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకొని, పిల్లల్ని ముసలోళ్ల కాడ ఇడిసి పోయిండ్రంట. ఇప్పుడు ఆమె మెస్‌ల తినేటోళ్లల్ల సగం మంది బీహార్, ఒడిశా నుంచి పనికొచ్చిన పిల్లలే, వాళ్ల కోసం పొద్దుగాల పరోటా, ఆలుగడ్డ కూర చేస్తున్నది. "వాళ్లను చూస్తే మా కష్టమే యాదికొస్తది తమ్మీ, అన్నం ఎంతడిగినా పెడ్త" అన్నది, ఒక పిల్లగానికి మూడోసారి పెట్టుడు నా కండ్లతోని చూసిన.

బయటోళ్లు ఈడికి పనికొస్తున్నరు గట్లని పాలమూరు (మహబూబ్‌నగర్) మొత్తం బాగుపడ్డదని అనుకోకుండ్రి. ఫ్యాక్టరీలు ఎక్కువ హైవే పొంటే వచ్చినయి. ఒకప్పుడు మన జిల్లాల ఉన్న షాద్‌నగర్, కొత్తూరు 2016ల రంగారెడ్డికి పోయినయి, ఆ రంగారెడ్డి తలసరి ఆదాయంల రాష్ట్రంలనే ఫస్టు, 2019ల ఏర్పడ్డ మా నారాయణపేట కింది వరుసల్ల ఉంటది. భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చిన ఊళ్లల్ల నాట్లేసేతందుకు బీహారోళ్లు వస్తున్నరు, నీళ్లందని ఊళ్ల నుంచి మనోళ్లు ఇంకా ముంబై బస్సు ఎక్కుతనే ఉన్నరు. అక్క మరిది కూడా పూణెలనే ఉన్నడు, ఈడ రెండు కుటుంబాలకు సరిపోయే గిరాకీ లేదంట.

అందుకే ఆ దారిన పోయేటోళ్లు పెద్ద హోటళ్లు దాటి ఈడ తినుండ్రి. ఫోన్‌పే ఉన్నది, బెంచీలు నాలుగే, మధ్యాహ్నం రెండు దాటితే రొట్టెలు దొరకవు.