ఫెరారీ, డుకాటి ఫ్యాక్టరీల టూర్ కొనేముందు ఆగండి: తిరుపతి, చిత్తూరు వారికి హెచ్చరిక

ఇటలీలోని ఫెరారీ, లంబోర్గిని కార్ల ఫ్యాక్టరీలు, డుకాటి మోటార్‌సైకిళ్ల ఫ్యాక్టరీ లోపలికి తీసుకువెళ్తామంటూ తెలుగులో అచ్చేసిన రంగుల కరపత్రం ఒకటి తిరుపతిలో తిరుగుతోంది. అదే టూర్‌లో మా కుటుంబం ఇటలీ, జర్మనీ వెళ్లి వచ్చింది. ఒక్క ఫ్యాక్టరీ లోపల కూడా అడుగుపెట్టలేదు. వచ్చే ఆగస్టు కోసం అదే కరపత్రం చూసి అడ్వాన్సు కట్టబోతున్నవారు దయచేసి ముందు ఇది చదవండి. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కనుక ఏజెన్సీ పేరు రాయడం లేదు. కానీ ఎవరు అమ్మినా ఇలాంటి టూర్‌ను గుర్తుపట్టడానికి కావలసిన వివరాలు మాత్రం దాచకుండా రాస్తున్నాను.

అన్నిటికంటే బాధ కలిగించింది డుకాటి. మా తమ్ముడు రేణిగుంట రోడ్డులో మోటార్‌సైకిళ్ల వర్క్‌షాప్ నడుపుతాడు. ఇంజన్‌లోకి గాలి, ఇంధనం రానిచ్చి పొగను బయటకు వదిలే చిన్న తలుపు లాంటిది వాల్వు. మామూలు ఇంజన్లలో వాల్వును స్ప్రింగు మూస్తుంది. డుకాటికి పేరు తెచ్చిన డెస్మోడ్రోమిక్ ఇంజన్లలో వాల్వును తెరవడమే కాదు, మూయడం కూడా క్యామ్ (ఇరుసుతో పాటు తిరుగుతూ వాల్వును కదిలించే ఉబ్బెత్తు భాగం) పనే. ఫాబియో తాలియోని అనే ఇంజనీరు 1956లో రేసు బండి కోసం ఈ పద్ధతిని డుకాటిలోకి తెచ్చాడు. ఆ ఇంజన్‌ను మనుషులు చేతులతో ఎలా అమర్చుతారో దగ్గర నుంచి చూడాలని మా తమ్ముడి కోరిక. టూర్‌కు ఒప్పుకున్నదే అందుకు. బొలోన్యా నగరంలోని బోర్గో పానిగాలేకు చేరేసరికి ఫ్యాక్టరీ మూసి ఉంది. సమ్మె కాదు, ప్రమాదం కాదు, ఆగస్టు సెలవులు. ఇటలీలో ఆగస్టు 15 జాతీయ సెలవు దినం. దానికి అటూ ఇటూ వారాల తరబడి అక్కడి ఫ్యాక్టరీలు ఉత్పత్తి ఆపేస్తాయి. ఏటా జరిగేదే. ఇటలీ టూర్లు అమ్మేవారికి ఈ సంగతి తెలియదంటే నమ్మలేను. తెలిసీ ఆగస్టు నెలకు ఫ్యాక్టరీ టూర్ అమ్మారు.

మే నెల సెలవుల్లో వెళ్తే ఈ చిక్కు ఉండదు. అయితే అప్పుడు కూడా శని, ఆదివారాలు, ఏప్రిల్ 25, మే 1, జూన్ 2 తేదీలు వదిలేసి చూసుకోండి. ఆ మూడూ ఇటలీలో జాతీయ సెలవులు. ఫ్యాక్టరీ సందర్శన పని జరిగే రోజుల్లో, అది కూడా ముందుగా బుక్ చేసుకున్నవారికే.

ఇక ఫెరారీ. మరనెల్లోలో ఫ్యాక్టరీ, మ్యూజియం రెండూ ఉన్నాయి. టికెట్ కొని మ్యూజియానికి ఎవరైనా వెళ్లవచ్చు. ఫ్యాక్టరీ భవనాల లోపలికి మాత్రం ఫెరారీ కారు కొన్నవారికి, సంస్థ పిలిచిన అతిథులకే ప్రవేశం. మనలాంటి పర్యాటకులకు ఉన్నది మ్యూజియం నుంచి బయలుదేరే బస్సు ఒక్కటే. అది ఫ్యాక్టరీ ఆవరణలోని రోడ్ల మీదుగా, 1972లో కట్టిన ఫియొరానో ట్రాక్ (ఫెరారీ కార్లను పరీక్షించే సొంత ట్రాక్) వైపుగా తిప్పి తిరిగి తీసుకువస్తుంది. మధ్యలో దిగనివ్వరు, ఫొటోలు తీయనివ్వరు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే ఆ బస్సులో తప్పేమీ లేదు. రెంజో పియానో అనే ఆర్కిటెక్టు రూపొందించిన విండ్ టన్నెల్ (కార్ల మీద గాలి ప్రభావాన్ని పరీక్షించే) భవనాన్ని చూసి నాకు సంతోషమే కలిగింది. కానీ మాకు కరపత్రంలో చూపించింది ఎర్రటి కార్ల మధ్య నిలబడిన పర్యాటకుల బొమ్మ. బస్సు దిగగానే గైడు ఫ్యాక్టరీ అయిపోయిందన్నాడు. శ్రీసిటీలో ఇసుజు గేటు ముందు వాహనం ఆపి, ఫ్యాక్టరీ చూపించామని డబ్బు తీసుకుంటే మనం ఊరుకుంటామా?

మరనెల్లో మ్యూజియం దగ్గర ఫెరారీ కార్లను నిమిషాల లెక్కన అద్దెకిచ్చే ప్రైవేటు దుకాణాలు ఉన్నాయి. వాటికీ ఫెరారీ సంస్థకూ సంబంధం లేదు. కారు నడిపే అవకాశం టూర్‌లో ఉచితమని ఎవరైనా అంటే ఎన్ని నిమిషాలో, కారుకు గీత పడితే ఎవరు కట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఆర్టీఏ కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా వెంట ఉండాలి. మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

లంబోర్గిని విషయంలో జరిగింది ఇంకా తెలివైన మోసం. ఆ పేరుతో రెండు మ్యూజియాలు ఉన్నాయి. కార్లు తయారయ్యే సాంతాగాటా బొలొన్యేజేలో కంపెనీ సొంత మ్యూజియం ఉంది, ఫ్యాక్టరీ సందర్శన బుక్ చేసుకోగలిగేది అక్కడే. రెండోది బొలోన్యాకు ఉత్తరాన ఫూనో అనే ఊళ్లో ఫెరూచ్చో లంబోర్గిని కుటుంబం నడిపేది. మమ్మల్ని ఫూనోకు తీసుకువెళ్లి, లంబోర్గిని చూపించామని సంతకం పెట్టించుకున్నారు. ఫూనో మ్యూజియాన్ని నేను తక్కువ చేయను. 1963లో కార్ల కంపెనీ పెట్టడానికి ముందు ఫెరూచ్చో తయారు చేసిన ట్రాక్టర్లు, ఆయన సొంత మియూరా కారు, ఆయన తయారు చేయించిన హెలికాప్టర్ కూడా అక్కడ ఉన్నాయి. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లం, ఆ ట్రాక్టర్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాం. కానీ మేము డబ్బు కట్టింది సాంతాగాటా ఫ్యాక్టరీకి. కరపత్రంలో ఊరి పేరు లేకుండా ఒట్టి లంబోర్గిని అని ఉంటే వెంటనే అనుమానించండి.

జర్మనీలో స్టట్‌గార్ట్‌ను సోమవారం పెట్టారు. పోర్షె మ్యూజియం, మెర్సిడెస్ బెంజ్ మ్యూజియం రెండూ ఆ నగరంలోనే ఉన్నాయి, రెండింటికీ సోమవారమే సెలవు. మ్యూనిక్‌లోని బీఎండబ్ల్యూ మ్యూజియానికి కూడా సోమవారం సెలవే. కార్యక్రమ పట్టికను ఒక్కసారి క్యాలెండర్ పక్కన పెట్టి చూసిన మనిషెవరూ ఈ పని చేయరు. మర్నాడు మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ వెల్ట్ చూపించారు. అది 2007లో ప్రారంభమైన ప్రదర్శనశాల, లోపలికి ప్రవేశం ఉచితం. మా బిల్లులో మాత్రం దానికి మనిషికి ఇంత అని టికెట్ ధర వేసి ఉంది! పక్కనే ఉన్న అసలు మ్యూజియానికి టికెట్ కావాలి, అది ఆ రోజు తెరిచే ఉంది, దాన్ని మాత్రం చూపించలేదు. బీఎండబ్ల్యూ మోటార్‌సైకిళ్లు మ్యూనిక్‌లో కాదు, బెర్లిన్‌లోని ష్పాండౌలో తయారవుతాయి. బైకుల కోసం మ్యూనిక్ ఫ్యాక్టరీకి తీసుకువెళ్తామనే మాట కూడా కరపత్రంలో ఉంది, గమనించండి.

తిరుపతివారికి ఒక మాట చెబితే చాలు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ మీద మన పేరు, తేదీ, సమయం ఉంటాయి. అవి లేకుండా లోపల మా మనిషి చూసుకుంటాడనే దళారిని మనం నమ్మం. ఫ్యాక్టరీ సందర్శన బుకింగ్ కూడా అలాంటిదే. డుకాటి అయినా, లంబోర్గిని అయినా సందర్శన ఖరారైతే తేదీ, సమయం ఉన్న పత్రం వస్తుంది. పూర్తి డబ్బు కట్టేముందు ఆ పత్రం అడగండి. మేము అడిగినప్పుడు వచ్చిన జవాబు ఇది: “అక్కడ మా మనిషి ఉన్నాడు సార్, గేటు దగ్గర అన్నీ చూసుకుంటాడు.” ఆ పత్రం ఇప్పటికీ రాలేదు. ఏజెంటును పక్కన పెట్టి ఆయా మ్యూజియాల సొంత వెబ్‌సైట్లలో మీరే తేదీలు చూసుకోండి. టికెట్లు అక్కడే అమ్ముతారు.

డబ్బు గురించి ఇంకో సంగతి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినవారు టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేసి మన పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమ చేయాలి. ఆ మొత్తం మన పేరున జమ అయిన పన్నుల వివరాలుండే ఫారం 26ఏఎస్‌లో కనిపించాలి, రిటర్న్ వేసినప్పుడు దాన్ని పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే వాపసు తీసుకోవచ్చు. మా దగ్గర టీసీఎస్ పేరుతో నగదు తీసుకున్నారు, 26ఏఎస్‌లో ఒక్క రూపాయి కూడా కనిపించలేదు. నగదు అడిగితే ఇవ్వకండి, బ్యాంకు ద్వారానే చెల్లించండి. వీసా ఖర్చుల లెక్క కూడా అడగండి. 2024 జూన్ నుంచి పెద్దవారికి షెంగెన్ వీసా (ఇటలీ, జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) రుసుము 90 యూరోలు, దానికి తోడు దరఖాస్తు కేంద్రం సేవా రుసుము. అంతకు మించి తీసుకునేది ఏజెంటు కమీషన్ అని తెలిసే ఇవ్వండి. తిరస్కరిస్తే రుసుము తిరిగిరాదు, వీసా గ్యారంటీ ఇచ్చే అధికారం ఏ ఏజెంటుకూ లేదు.

తిరిగి వచ్చాక ఏజెన్సీకి వెళ్తే తప్పంతా ఇటలీలోని ఆపరేటర్‌దన్నారు. తర్వాతి టూర్‌లో తగ్గింపు ఇస్తామన్నారు. మాకు తగ్గింపు వద్దు, మా డబ్బు కావాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాం. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, 5 లక్షల వరకు ఫిర్యాదు రుసుము లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే చోటే వేయవచ్చు కాబట్టి ఏజెన్సీ కార్యాలయం చెన్నైలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా వెనకాడవలసిన పనిలేదు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు.

ఇదే కరపత్రం చూసి వెళ్లి వచ్చినవారు, అడ్వాన్సు కట్టినవారు మీ కరపత్రం, రసీదులు, వాట్సాప్ సందేశాలు ఏవీ పారేయకండి, చెరిపేయకండి. ఒకే రకంగా నష్టపోయినవారు కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు చేయడానికి చట్టంలో వీలుంది. ఇంకా వీసాకు దరఖాస్తు చేయనివారు ఈ వారంలోనే రద్దు కోరుతూ రాతపూర్వకంగా ఇచ్చి, ఒక ప్రతి మీద వారి ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి.