పాత ట్రక్కుకి కొత్త కూలెంట్ బాటిల్: లోపల ఎంతుందో కళ్లకి కనిపిస్తోంది, నాకు అదే కావాలి

ఈ బాటిల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటే, బయటినుంచి చూస్తే లోపలి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, కనిపిస్తుంది. కొత్త బాటిల్ ఏదైనా కనిపిస్తుంది కదా అనొచ్చు, కానీ పాత ట్రక్కు నడిపేవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో అనుభవం మీద గానీ తెలియదు. నా బండికి ఫ్యాక్టరీలో బిగించిన ప్రెజర్ బాటిల్ ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి మగ్గి మగ్గి ముందు పసుపు రంగుకి, తర్వాత ముదురు గోధుమ రంగుకి వచ్చేసింది. వెనకనుంచి టార్చి వేసి చూసినా కూలెంట్ ఎక్కడిదాకా ఉందో అంతు చిక్కేది కాదు. మూత తీసి చూద్దామంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద ఆ మూత తిప్పితే సలసల కాగే కూలెంట్ ముఖం మీదకి చిమ్ముతుంది, ఎంత తొందరున్నా ఎవరూ చేయకూడని పని అది. ఇక మిగిలింది కూలెంట్ తగ్గితే వెలగాల్సిన డాష్‌బోర్డు మీది లైటు. ఆ లైటు మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

జరిగింది చెప్తాను. కూలెంట్ తగ్గిపోతూ ఉండేది. పొద్దున్నే మూత తీసి చూస్తే ఉండాల్సిన గీత కంటే కిందకి ఉండేది, పోస్తే మళ్లీ తగ్గేది. బండి కింద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. లైటు మాత్రం ఒక్కసారీ వెలగలేదు. ఎప్పుడైనా బరువుతో ఎత్తు ఎక్కించి ఆపాక బానెట్ దగ్గర తియ్యటి వాసన వచ్చేది, అంటే కూలెంట్ ఎక్కడో వేడి లోహం మీద పడి ఆవిరైపోతోందన్నమాట. కింద చుక్క లేకుండా కూలెంట్ మాయమైతే ఎవరైనా మొదట చెప్పేది హెడ్ గాస్కెట్టే, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు పోయిందని. మెకానిక్కూ అదే అన్నాడు, హెడ్ దించాలన్నాడు. పాత ఇంజిన్‌కి హెడ్ దించడం అంటే ఎంత పనో, దించాక ఇంకేమేం బయటపడతాయో తెలిసినవాళ్లకి ఆ టెన్షన్ అర్థమవుతుంది.

హెడ్ దించేముందు, బాటిల్ మూత దగ్గర గాలిని రంగు ద్రావకంలోంచి పీల్చే పరీక్ష చేయించాను. ఇంజిన్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ ద్రావకం రంగు మారుతుంది. మారలేదు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే అక్కడ కారుతుంది, అదీ పొడిగానే ఉంది. హీటర్ వైపు కాళ్ల దగ్గర తడి లేదు. బాటిల్‌కి చేత్తో కొట్టే చిన్న పంపు బిగించి ప్రెజర్ పెట్టి చూస్తే దాని మీటరు ముల్లు అలాగే నిలబడింది. అంతా బాగానే ఉందని చెప్తోంది, కూలెంట్ మాత్రం పోతోంది.

తేడా ఎక్కడుందంటే ఆ ప్రెజర్ పరీక్ష చల్లని ఇంజిన్ మీద చేశారు. మళ్లీ ఇంజిన్ బాగా వేడెక్కించి, ఆపి, పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక మూత నెమ్మదిగా తీసి, గోరువెచ్చగా ఉండగానే పంపు బిగించి కొట్టమన్నాను. ఈసారి ముల్లు సన్నగా దిగడం మొదలైంది. చిన్న అద్దం, టార్చి పెట్టి బాటిల్ వెనక, బ్రాకెట్ వైపు చూస్తే దొరికింది. రెండు సగాలు కలిసే అతుకు వెంబడి వెంట్రుకంత గీత, దాని చుట్టూ ఎండిపోయి గట్టిపడ్డ కూలెంట్ పొర. చూస్తుండగానే ఆ గీత మీద చిన్న చిన్న బొట్లు చెమట పట్టినట్టు పుట్టుకొచ్చాయి. ప్రెజర్ వదలగానే ఆగిపోయాయి. చల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ బిగుసుకుని పగులు మూసుకుంటుంది, వేడికి మెత్తబడి లోపలి ఒత్తిడికి తెరుచుకుంటుంది. కారిన కాస్తా పక్కనున్న వేడి భాగాల మీద పడి ఆరిపోతుంది. ఇక కింద చుక్క ఎలా పడుతుంది?

లైటు ఎందుకు వెలగలేదో బాటిల్ బయటికి తీశాక తెలిసింది. లోపల తేలే ఫ్లోట్‌కి అయస్కాంతం ఉంటుంది, అది కిందకి దిగితే అడుగునున్న స్విచ్ పనిచేసి లైటు వెలగాలి. నా దాంట్లో ఫ్లోట్ జారే గాడి నిండా మడ్డి పేరుకుంది. బాటిల్ తలకిందులు చేసి ఊపినా ఫ్లోట్ అంగుళం కూడా కదల్లేదు. అంటే ఎంతకాలం నుంచో ఆ లైటు నన్ను మోసం చేస్తూనే ఉంది.

ఈ బాటిల్‌ని పొంగిన నీళ్లు పట్టుకునే మామూలు డబ్బా అనుకునేవాళ్లు ఉన్నారు. మూత మీద 1.1 బార్ అని ఉంటే, ఇంజిన్ వేడిగా నడుస్తున్నప్పుడు లోపలి ఒత్తిడి అంతవరకూ పెరగొచ్చు. ఒక బార్ అదనపు ఒత్తిడి ఉంటే ఉత్త నీరే దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ సగం కలిస్తే ఇంకా పైకి వెళ్తుంది. అతుకు పగిలి ఆ ఒత్తిడి నిలవకపోతే కూలెంట్ ముందే మరిగి, హెడ్ చుట్టూ ఆవిరి బుడగలు చేరతాయి. ప్లాస్టిక్ పగిలిందిలే అని వదిలేస్తే నిజంగానే హెడ్ గాస్కెట్ దాకా వస్తుంది.

పగిలినచోట జిగురు పూయమని, ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించమని చెప్పినవాళ్లున్నారు. ఆ వేడికీ ఒత్తిడికీ, అంత పాతబడి పెళుసెక్కిన ప్లాస్టిక్‌కీ అది ఆగదని నా నమ్మకం. అల్యూమినియం బాటిల్ కూడా చూశాను, చూడ్డానికి దిట్టంగా ఉంది, అతుకు భయం చాలావరకు తగ్గుతుంది. కానీ లోపల ఎంతుందో కనిపించదు. కొన్నిటికి పక్కన సన్నటి గాజు గొట్టం ఇస్తారు, అది మసకబారితే మళ్లీ మొదటికే వస్తాం. అందుకే బయటి కంపెనీ ప్లాస్టిక్ బాటిల్ తీసుకున్నాను, కొత్త ఫ్లోట్, మూత దాంతోపాటే వచ్చాయి.

బిగింపు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఒక్క పైపుల దగ్గర తప్ప. ఏళ్లుగా అతుక్కుపోయిన రబ్బరు పైపుని గుంజితే అవతల రేడియేటర్ వైపు పైపు తొడిగే ప్లాస్టిక్ ముక్కు విరిగి కూర్చుంటుంది. ఎలాగూ పైపులు మారుస్తున్నాం కాబట్టి బ్లేడుతో నిలువుగా చీరి తీసేశాం. క్లిప్పుల విషయంలో మెకానిక్ స్క్రూ క్లిప్ బిగిస్తానంటే నేను ఒప్పుకోలేదు, స్ప్రింగ్ క్లిప్పులే వేయించాను. వేడికి ప్లాస్టిక్ కొద్దికొద్దిగా అణిగినా స్ప్రింగ్ తనంతట తాను పట్టు సర్దుకుంటుంది, స్క్రూ క్లిప్ అతిగా బిగిస్తే కొత్త ముక్కుకే బీట వస్తుంది. పాత కూలెంట్ మాత్రం నేల మీద వదలకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

కొత్త కూలెంట్ పోసి, హీటర్ వేడి వైపు తిప్పి, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి బాటిల్ వైపే చూస్తూ నిలబడ్డాను. పైనున్న చిన్న పైపులోంచి మొదట ఏమీ లేదు, తర్వాత బుడబుడమని గాలి, ఆ తర్వాత తెగుతూ తెగుతూ కూలెంట్, కాసేపటికి తెగని సన్నటి ధార. కూలెంట్‌తో కలిసొచ్చిన బుడగలు లోపలి అరల్లో నిదానించి పైకి తేలిపోతున్నాయి, అడుగునున్న పెద్ద పైపులోంచి గాలి లేని కూలెంట్ వాటర్ పంపు వైపు వెళ్తోంది. ఒత్తిడి నిలపడంతోపాటు ఈ బాటిల్ చేసే ముఖ్యమైన పని అదే, గాలిని విడదీయడం. పాత బాటిల్ ఉన్నన్నాళ్లూ నేను దాన్ని చూసింది లేదు. ఇప్పటికీ పొద్దున్నే బండి తీసేముందు ఆ ధార చూస్తాను. అది పడుతోందంటే పంపు కూలెంట్‌ని తిప్పుతోంది, ఆ పైపు పూడిపోలేదు అని అర్థం. ఎంతో నిశ్చింతగా ఉంటుంది.

మొదట్లో ఈ బాటిల్‌ని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మెచ్చుకుంటూ చెప్పాను. ఆ మాటల్లో కొంత సర్దుకోవాలి. కొన్ని నెలలు గడిచాక చల్లటి ఇంజిన్ మీద కూలెంట్ మట్టం గీత కంటే వేలెడు కిందకి రావడం గమనించాను. పాత బాటిలైతే అది తెలిసేదే కాదు. మూత కింద బాటిల్ మెడ మీద ఎండిన చార ఒకటి ఉంది. మూత ఒక్కదాన్నీ టెస్టర్‌కి తగిలించి పంపు కొడితే దాని మీద రాసిన ఒత్తిడికి చాలా ముందే వదిలేస్తోంది. బాటిల్ మంచిదే, దాంతో వచ్చిన మూత పనికిరాలేదు. బండి కంపెనీ మూత కొని పెట్టాక మట్టం తగ్గడం ఆగింది. కాబట్టి ఇలాంటి బాటిల్ కొంటే దాంతో వచ్చే మూతని బిగించేముందే పరీక్ష చేయించుకోండి. అది ఒత్తిడిని నిలపాలి, ఇంజిన్ చల్లారేటప్పుడు బయటి గాలిని లోపలికి రానివ్వాలి కూడా. లేకపోతే పొద్దున్నే పై హోస్ పైపు చప్పిడిగా నొక్కుకుపోయి కనిపిస్తుంది.

ఇంకోటి, ఇంజిన్ వైపు ముఖం అప్పుడే లేత పసుపు రంగుకి తిరుగుతోంది. ఫ్యాక్టరీ బాటిల్ ఇంత తొందరగా రంగు మారిందని నాకు గుర్తు లేదు. ఎన్నేళ్లకి మసకబారుతుందో ఇప్పుడే చెప్పలేను గానీ, మసకబారిన రోజున అతుకు పగిలేదాకా ఆగను, మార్చేస్తాను. లైటు ఇప్పుడు బాగానే పనిచేస్తోంది, చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ కొంత తీసి చూస్తే వెలిగింది. అయినా దాని మీద నాకు నమ్మకం లేదు.

నా బండి ఎక్కువగా దగ్గరి తిరుగుళ్లే తిరుగుతుంది, బరువు మోసేది తక్కువ, రాత్రికి నీడలోనే ఉంటుంది, పొద్దున్నే బానెట్ ఎత్తి చూసే తీరిక నాకుంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నాకు ఈ ప్లాస్టిక్ బాటిలే సరిపోయింది. నిండు లోడుతో రోజూ ఘాట్ ఎక్కేవాళ్లకి, బండిని డ్రైవర్ల చేతికి వదిలేసేవాళ్లకి అల్యూమినియమే మేలు కావచ్చు, అప్పుడు లెవెల్ సెన్సర్ మంచిది వేయించి అప్పుడప్పుడూ అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి. ప్లాస్టిక్‌దే తీసుకుంటే మాత్రం కొట్లోనే బాటిల్ తిప్పి అతుకు చుట్టూ వేలు పోనిచ్చి చూడండి, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఒకే మందంగా ఉండాలి, బ్రాకెట్ వైపు మరీ జాగ్రత్తగా చూడండి.