అడ్వాన్స్‌డ్ స్పానిష్ గ్రామర్ కోర్సు: ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లకి పనికొచ్చే రివ్యూ

హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్లలో స్పానిష్ మొదలుపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. ఫోన్లో యాప్ పెట్టుకుని రెస్టారెంట్లో ఆర్డర్ ఇచ్చేంతవరకు వస్తారు, అక్కడే ఆగిపోతారు. "ఆ తర్వాత ఏం చెయ్యాలి?" అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడి ఒక స్టేట్ యూనివర్సిటీలో మొన్న ఫాల్ సెమిస్టర్‌లో అడ్వాన్స్‌డ్ స్పానిష్ గ్రామర్ తీసుకున్నాను. డిగ్రీలో మూడో సంవత్సరం పిల్లలు చదివే కోర్సు, మూడు క్రెడిట్లు, సాయంత్రం క్లాసులు. యూనివర్సిటీ పేరు చెప్పను. కింద కొంచెం తిట్టాను కూడా, అందుకని. పైగా అమెరికాలో స్పానిష్ మేజర్ ఉన్న ఏ స్టేట్ యూనివర్సిటీలో చూసినా ఈ కోర్సు ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

నాది తెనాలి. బీఫార్మసీ చేసి వచ్చి ఇక్కడ మందుల షాపులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది స్పానిష్‌లోనే మొదలుపెడతారు. ఈ దేశంలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు 4 కోట్లకు పైనే, టెక్సస్‌లో ఇక చెప్పక్కర్లేదు. పేరు, పుట్టినతేదీ, ఇన్సూరెన్స్ కార్డు వరకు నాకు బానే వచ్చు. "మీ డాక్టర్ ఫోన్ చేస్తే గానీ ఇవ్వలేం" లాంటి మాట చెప్పాల్సి వస్తేనే నత్తి. అందుకే ఈ కోర్సు.

ముందే ఒక మాట. ఇది మాట్లాడటం నేర్పే కోర్సు కాదు. క్లాసంతా స్పానిష్‌లోనే జరుగుతుంది, కానీ జరిగే పని వాక్యాన్ని విప్పి చూడటం. సంభాషణ కావాలంటే వేరే కోర్సు ఉంది, అది తీసుకోండి. ఇంటర్మీడియట్ స్థాయి రెండు కోర్సులూ అయ్యాకో, ప్లేస్‌మెంట్ పరీక్ష రాశాకో గానీ ఇందులో చేరనివ్వరు. అది మంచిదే.

అసలు విషయం ఏంటంటే, ఈ కోర్సునీ పాఠ్యపుస్తకాన్నీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లను మనసులో పెట్టుకుని తయారుచేశారు. వాళ్లకి ఎక్కడెక్కడ కష్టమో అక్కడ పేజీలకు పేజీలు పెట్టారు. వాటిలో సగం తెలుగువాళ్లకి కష్టమే కాదు. మనకి నిజంగా అడ్డం తిరిగే చోట పుస్తకం రెండు లైన్లు రాసి ముందుకెళ్లిపోతుంది.

మా కౌంటర్ దగ్గర రోజూ వినే మాటలే చూడండి. "సే మే అకబో లా మెదిసీనా." "సే మే పెర్దియో లా రెసేతా." మందు అయిపోయింది, ప్రిస్క్రిప్షన్ పోయింది. ఎవరు అవగొట్టారు, ఎవరు పోగొట్టారు అన్నది వాక్యంలో లేదు. దానంతట అది జరిగినట్టు, నష్టం మాత్రం నాకు జరిగినట్టు. అనుకోకుండా జరిగినవి చెప్పే ఈ 'సే' కోసం పుస్తకంలో ఏకంగా ఒక అధ్యాయం పెట్టారు. నా పక్కన కూర్చున్న అమెరికన్ అబ్బాయి "పోగొట్టింది నేనే కదా, మరి నేను అన్న మాట కర్తగా ఎందుకు లేదు?" అని పట్టు వదల్లేదు. నాకు అందులో వింతేమీ కనపడలేదు. గ్లాసు చెయ్యి జారితే మనం "గ్లాసు పగిలిపోయింది" అంటాం గానీ "పగలగొట్టాను" అని ఒప్పుకునేది ఎవరు? క్రియ కూడా వస్తువుతోనే నడుస్తుంది. ఒక రెసేతా అయితే పెర్దియో, రెండైతే పెర్దియేరోన్. చీటీ పోయింది, చీటీలు పోయాయి. అంతే.

'మే గుస్తా' కూడా అదే లెక్క. ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్లు దీన్ని తలకిందులు చేసి అర్థం చేసుకోవాలి, అందుకే మొదటి సంవత్సరం నుంచి అడ్వాన్స్‌డ్ దాకా ప్రతి పుస్తకంలోనూ వస్తుంది. నాకు కాఫీ నచ్చింది, నాకు మామిడిపళ్లు నచ్చాయి. మే గుస్తో ఎల్ కఫే, మే గుస్తారోన్ లోస్ మాంగోస్. ఇష్టపడే మనిషికి 'కు', నచ్చిన వస్తువుని బట్టి క్రియ. ఈ అధ్యాయం వచ్చిన వారం నేను హాయిగా నిద్రపోయాను.

ఇంకోటి. స్పానిష్‌లో కర్మ స్థానంలో ఒక ఫలానా మనిషి ఉంటే ముందు 'ఆ' చేర్చాలి, వస్తువైతే మామూలుగా అక్కర్లేదు. వీ ఎల్ కార్రో, వీ ఆ లా నీన్యా. మనం "కారు చూశాను" అంటాం, "పాపని చూశాను" అంటాం. "పాప చూశాను" అంటే చూసింది పాప అయిపోతుంది. ఇదే నియమం మన ఇళ్లలో మూడేళ్ల పిల్లలు కూడా తప్పు లేకుండా వాడతారు. ఆఫీస్ అవర్స్‌లో మా ప్రొఫెసర్‌కి ఈ రెండు తెలుగు వాక్యాలు బోర్డు మీద రాసి చూపించాను. ఆవిడ బొగొతా నుంచి వచ్చినావిడ. పెన్ను తీసుకుని నోట్‌బుక్‌లో రాసుకుంది, తర్వాతి క్లాసులో అందరికీ చెప్పింది. ఆవిడ గురించి ఒక్క మాటలో చెప్పాలంటే ఈ కోర్సుకి నేనిచ్చే నాలుగు స్టార్లలో మూడు ఆవిడవే. బొగొతాలో స్నేహితుల మధ్య కూడా 'ఉస్తెద్', అంటే మన 'మీరు', వాడటం మామూలేనట. ఆవిడ కూడా పద్దెనిమిదేళ్ల పిల్లల్ని సైతం అలాగే పిలిచేది. నాకైతే ప్రాణం లేచొచ్చింది, కౌంటర్ దగ్గర నాకు కావాల్సింది ఆ మర్యాద రూపాలే. "తోమే ఉనా పస్తీయా", ఒక మాత్ర వేసుకోండి. "నో తోమే ఆల్కోల్", మద్యం తాగకండి.

భూతకాలం దగ్గరికి వద్దాం. రెండు భూతకాలాలు, ప్రెటెరిట్, ఇంపర్ఫెక్ట్. వెళ్లాను, వెళ్లేదాన్ని అనుకుంటే చాలావరకు సరిపోతుంది. పుస్తకం బాగా భయపెట్టేది కొన్ని క్రియలకి రెండు కాలాల్లో రెండు అర్థాలు వస్తాయని. 'సబీయా' అంటే అప్పటికే తెలుసు, 'సూపే' అంటే తెలిసింది. 'కొనొసీయా' అంటే పరిచయం ఉంది, 'కొనొసీ' అంటే పరిచయమైంది. 'నో కెరీయా వెనీర్' అంటే రావాలని లేదు, 'నో కీసో వెనీర్' అంటే రానన్నాడు. ఇంగ్లీషులో వీటికి వేరే వేరే క్రియలు వెతుక్కోవాలి, అందుకే వాళ్లకి బట్టీ. మనకి జంటలు రెడీగా ఉన్నాయి.

క్లాసులో సగం మంది మెక్సికన్ కుటుంబాల పిల్లలు. ఇంట్లో విని పెరిగిన భాష, నోరు తెరిస్తే ప్రవాహం. అయినా ఏ అక్షరం మీద గీత (ఒత్తి పలకాలని చూపించే గుర్తు) పెట్టాలో తెలియక వాళ్లూ తంటాలు పడ్డారు. వాళ్లలో ఒకమ్మాయి మెక్సికోలో స్కూలు చదివి వచ్చింది. మేమంతా ఇంపర్ఫెక్ట్ అంటుంటే తను 'కోప్రెతేరితో' అనేది. ఎక్కడిదా ఈ పేరు అని చూస్తే, 1847లో చిలీలో ఆంద్రేస్ బెయో అనే పండితుడు అచ్చువేసిన వ్యాకరణంలోది. అమెరికా ఖండంలో స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం ఆయన కాలాలకి కొత్త పేర్లు పెట్టాడు. మెక్సికో బడుల్లో ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. స్పెయిన్‌లో వేరే పేర్లు. పరీక్షలో రెండూ ఒప్పుకున్నారు, ఫర్వాలేదు.

ఇక తెలుగు చేతులెత్తేసే చోటు సబ్జంక్టివ్, అంటే ఉన్నదని కాకుండా సందేహంగానో కోరికగానో ఊహగానో చెప్పేటప్పుడు క్రియ తీసుకునే వేరే రూపం. కొన్ని రకాల్లో తెలుగు కాస్త దారి చూపిస్తుంది. "ఔంకే యువేవే" అంటే వాన పడుతున్నా, "ఔంకే యువేవా" అంటే వాన పడినా. "సీ తువియేరా దినేరో, కొంప్రారీయా ఎల్ కార్రో" అంటే డబ్బుంటే కారు కొనేదాన్ని. బానే ఉంది కదా అనుకునేలోపు సంబంధ వాక్యాలు వస్తాయి. "తెలుగు మాట్లాడే నర్సు కోసం చూస్తున్నాను" అని మనం ఒకటే వాక్యం అంటాం. ఆ నర్సు ఎవరో తెలిసి, ఆవిడ ఎక్కడుందా అని చూస్తున్నా అదే. అసలు అలాంటి నర్సు ఎవరైనా దొరుకుతుందేమో అని చూస్తున్నా అదే. స్పానిష్‌లో మొదటిది "బూస్కో ఆ లా ఎన్‌ఫెర్మేరా కే ఆబ్లా తెలుగు". రెండోది "బూస్కో ఊనా ఎన్‌ఫెర్మేరా కే ఆబ్లే తెలుగు". మనిషి ఉందని తెలిస్తే 'ఆ' వస్తుంది, క్రియ ఆబ్లా. ఉందో లేదో తెలియకపోతే 'ఆ' పోతుంది, క్రియ ఆబ్లే. మాట్లాడేవాడి మనసులో ఏముందో ఒక అచ్చు తేడాతో బయటపడుతుంది. ఇది ఒంటబట్టడానికి నాకు దాదాపు సెమిస్టరంతా పట్టింది. పుస్తకం మాత్రం దీనికి అర పేజీ ఇచ్చి, అనుకోకుండా జరిగే 'సే'కి అధ్యాయం ఇచ్చింది.

కౌంటర్ దగ్గర రోజూ నోట్లో ఆడేదీ ఇదే. "మందు రెడీ అయినప్పుడు మెసేజ్ పంపిస్తాం" అనాలంటే "క్వాందో ఎస్తే లీస్తా". ఇంకా అవలేదు కాబట్టి ఎస్తే. "రెడీ అయినప్పుడల్లా మెసేజ్ వస్తుంది" అనాలంటే "క్వాందో ఎస్తా లీస్తా". చివర ఎ, ఆ తేడా అంతే. పెద్దవాళ్లు వెళ్లేటప్పుడు నేను "కే సే మెహోరే" అంటే, త్వరగా తగ్గాలి అని, వాళ్ల మొహం వెలిగిపోతుంది. అది కూడా సబ్జంక్టివే.

సెర్, ఎస్తార్ గురించి అందరూ టెన్షన్ పడతారు, రెండూ ఇంగ్లీషు 'be' లాంటి క్రియలే. "అతను డాక్టర్" అన్నప్పుడు (సెర్) మనకి క్రియే అక్కర్లేదు, "ఇంట్లో ఉన్నాడు" అన్నప్పుడు (ఎస్తార్) కావాలి. ఆ తేడా పట్టుకుంటే చాలా దూరం వెళ్లొచ్చు. లింగాలు, ఆర్టికల్స్ మాత్రం మనకి ఏ సాయమూ లేదు. లా మానో, ఎల్ ప్రొబ్లేమా, ఎల్ ఆగ్వా ఫ్రీయా. కూర్చుని బట్టీ పట్టడమే. ఒత్తి పలకడం కూడా అంతే. ఆబ్లో అని మొదట ఒత్తితే నేను మాట్లాడతాను, ఆబ్లో అని చివర ఒత్తితే అతను మాట్లాడాడు. తెలుగులో ఎక్కడ ఒత్తి పలికినా అర్థం మారదు కాబట్టి మన చెవికి ఆ తేడా అందదు. డిక్టేషన్‌లో నా మార్కులు ఎక్కువగా పోయింది ఇక్కడే.

ఇప్పుడు తిట్లు. హోంవర్క్ అంతా ఒక కంపెనీ వెబ్‌సైట్లో చెయ్యాలి. దానికి కోడ్ వేరుగా కొనాలి, సెమిస్టరు అయిపోగానే ఎక్స్‌పైర్ అయిపోతుంది. పుస్తకంతో కలిపి వంద డాలర్ల పైమాటే. అంత డబ్బు తీసుకుని అది చేసే పని ఏంటయ్యా అంటే, తువియేరా అని ఉండాల్సిన చోట తువియేసే అని రాస్తే ఎర్ర గీత. రెండూ సరైనవే, స్పానిష్ భాషకి నియమాలు చెప్పే రాయల్ స్పానిష్ అకాడమీ వ్యాకరణంలో రెండూ ఉన్నాయి, స్పెయిన్‌లో రాసేవాళ్లు రెండోది వాడతారు కూడా. మెషిన్‌కి ఒకటే జవాబు తెలుసు. ప్రొఫెసర్‌కి మెయిల్ పెడితే మార్కులు కలిపేది, పాపం ఆవిడకి అదొక అదనపు పని. ఒక స్టార్ తగ్గించింది దీనికే.

దానికి బదులు అకాడమీ వ్యాకరణం చూడండి. స్పెయిన్ అకాడమీ, మిగతా దేశాల అకాడమీలు కలిసి చేసిన పని, 2009 నుంచి 2011 మధ్య సంపుటాలుగా వచ్చింది, ఇంటర్నెట్లో ఉచితంగా చదవొచ్చు. మొదట్లో కొరుకుడు పడదు. సెమిస్టరు సగం అయ్యాక, ఏదైనా ఒక్క సందేహం పట్టుకుని వెళితే మాత్రం మా పాఠ్యపుస్తకం దాటేసినవన్నీ అందులో దొరికాయి. నర్సు వాక్యం నాకు అర్థమైంది అక్కడే. ఈ అకాడమీ వాళ్లకి కూడా తగాదాలు ఉన్నాయి. 'మాత్రమే' అనే అర్థంలో వాడే 'సోలో' మీద గీత అక్కర్లేదని 2010లో అన్నారు. చాలామంది రచయితలు ఒప్పుకోలేదు. 2023లో "అర్థం తేడా వస్తుందనిపిస్తే పెట్టుకోవచ్చు" అని కాస్త సడలించారు. మా ప్రొఫెసర్ మాత్రం ఎప్పుడూ పెడుతూనే ఉంది.

హైదరాబాద్‌లో ఉండి చదవాలనుకునేవాళ్లకి ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) స్పానిష్ ఉంది. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఉంది. వాళ్లు పెట్టే దేలే అనే స్పానిష్ పరీక్ష సర్టిఫికెట్‌కి ఎక్స్‌పైరీ ఉండదు, ఉద్యోగానికి కాగితం కావాలంటే కోర్సు కన్నా అదే నయం.

ఇక్కడ తీసుకునేవాళ్లు సమ్మర్‌లో పెట్టే కుదించిన ఆన్‌లైన్ సెక్షన్ జోలికి వెళ్లకండి. సబ్జంక్టివ్ నానాలి, దానికి టైమ్ ఇవ్వాలి. పుస్తకం కూడా కొత్తది కొనక్కర్లేదు, వెనకటి ఎడిషన్ నుంచి మారింది బొమ్మలే. హోంవర్క్ కోడ్ ఒక్కటీ కొనుక్కుంటే చాలు. నా కాపీ హ్యూస్టన్ పక్కన కేటీలో మా ఇంట్లోనే ఉంది, అటువైపు వచ్చినవాళ్లు పట్టుకెళ్లొచ్చు. ఖాళీలన్నీ పెన్సిల్‌తో నింపేశాను, చెరుపుకోవాల్సి ఉంటుంది.