యాంప్ రిపేర్ నేర్చుకునే కిట్ కొంటున్నారా? ముందు 5200, 1943 పవర్ ట్రాన్సిస్టర్ జతల సంగతి చూసుకోండి

యాంప్లిఫయర్లు, కీబోర్డులు రిపేర్ చేయడం నేర్చుకుందామని ఆన్‌లైన్‌లో లెర్నర్ కిట్ల కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. నేను 4,200 రూపాయలు కట్టి తెప్పించుకున్న కిట్‌లో పవర్ ట్రాన్సిస్టర్లు నకిలీవి. వాటిని బిగించిన యాంప్ శ్రీరామనవమి పందిట్లో పోయింది, దాంతోపాటు 15 అంగుళాల వూఫర్ కూడా కాలిపోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. తప్పు నాదే, నాకీ పని రాదు అనుకుని మూడు నెలలు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. ఆ మూడు నెలలు నాకు తిరిగి రావు.

నేను తెనాలిలో ఉంటాను. మా భజన సమాజంలో కీబోర్డు వాయిస్తాను. మా యాంప్ పాతికేళ్ల కిందట ఎవరో లోకల్‌గా అసెంబుల్ చేసి ఇచ్చింది. పాడైన ప్రతిసారీ దాన్ని బస్సులో వేసుకుని విజయవాడ వెళ్లడం, నాలుగు రోజులు ఆగడం, మళ్లీ మోసుకురావడం. ఎలక్ట్రానిక్స్ బేసిక్స్ నేర్చుకుంటే మన పని మనమే చేసుకోవచ్చు కదా అని ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. ఓమ్స్ లా, డయోడ్, ట్రాన్సిస్టర్ అంటూ రోజూ రాత్రి గంటసేపు కూర్చునేవాణ్ణి. అప్పుడే ఈ కిట్ కంటపడింది. మల్టీమీటర్, 25 వాట్ల ఐరన్, లెడ్ (అతుకు వేసే సోల్డర్ తీగ) రీలు, 5200, 1943 ట్రాన్సిస్టర్లు ఆరు జతలు, పెద్ద కండెన్సర్లు నాలుగు, సన్నటి సౌండ్ సిగ్నల్‌ని పెంచే టీఎల్072 ఐసీలు పది, ఒక అడాప్టరు. "అన్నీ ఒరిజినల్, తోషిబా" అని పెద్ద అక్షరాలతో రాశారు.

యాంప్‌లు ఎప్పుడూ విప్పనివాళ్ల కోసం ఈ జత గురించి కొంచెం చెప్పాలి. 2ఎస్‌సీ5200 ఎన్‌పీఎన్, 2ఎస్‌ఏ1943 పీఎన్‌పీ. స్పీకర్‌కి కరెంటు తోసేది ఈ రెండే, ఒకటి ప్లస్ వైపు, ఇంకొకటి మైనస్ వైపు. రేటింగ్ 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు. స్టేజి యాంప్‌లలో ఎక్కువగా ఉండేవి ఇవే, మార్కెట్లో ఎక్కువగా నకిలీ అయ్యేవీ ఇవే.

మా యాంప్‌లో ఒక ఛానెల్ షార్ట్ అయింది. ఆ ఛానెల్‌కి రెండు జతలున్నాయి. నాలుగూ తీసేసి కిట్‌లోవి వేశాను. ట్రాన్సిస్టర్ బాడీకి తగలకుండా మైకా రేకు పెట్టాను, హీట్ సింక్ పేస్టు రాశాను, బాడీకి ఎక్కడా తగలడం లేదని మీటర్‌తో చూసుకున్నాను. నేరుగా కరెంటు ఇవ్వకుండా 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారింది. షార్ట్ లేకపోతే అలాగే కావాలి. స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ చూస్తే 20 మిల్లీవోల్టులే, అంటే దాదాపు ఏమీ లేనట్టే. వారం రోజులు ఇంట్లో చిన్న సౌండ్‌లో పాటలు పెట్టుకున్నాను. ఎంత సంతోషించానో చెప్పలేను.

నవమి రోజు సాయంత్రం ఢోలక్, కీబోర్డు, రెండు మైకులు కలిసి ఫుల్ సౌండ్‌లో అరగంట నడిచింది. తర్వాత "టప్" మని ఒక శబ్దం, ఆ వెంటనే పందిరంతా హమ్. వూఫర్ కోన్ ముందుకు తోసుకొచ్చి అలాగే ఆగిపోయింది. నేను లేచి ప్లగ్ పీకేలోపే కాలిన వాసన వచ్చేసింది.

ఏం జరిగిందో ఇప్పుడు అర్థమైంది కాబట్టి చెప్తాను. ట్రాన్సిస్టర్‌కి బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లుంటాయి. లోపల కలెక్టర్, ఎమిటర్ షార్ట్ అయితే సప్లై వోల్టేజీ మొత్తం స్పీకర్ మీద పడుతుంది. మా యాంప్ సప్లై ప్లస్ 55, మైనస్ 55 వోల్టులు. 8 ఓమ్‌ల స్పీకర్ కాయిల్‌ని మీటర్‌తో కొలిస్తే 6 ఓమ్‌లు చూపిస్తుంది. అంటే దాదాపు 9 ఆంపియర్ల డీసీ, 500 వాట్ల వేడి, అదీ కదలకుండా ఒకేచోట నిలబడిన కాయిల్‌లో. లోపలున్న ఫ్యూజు 10 ఆంపియర్లది కాబట్టి అది కరగలేదు, కాయిల్ కరిగింది. డీసీ రాగానే రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్‌తో) స్పీకర్‌ని విడదీసే ప్రొటెక్షన్ బోర్డు ఉండుంటే వూఫర్ దక్కేది. పాత యాంప్ రిపేర్ చేసేవాళ్లు దయచేసి ముందు ఆ బోర్డు వేయండి, తర్వాతే స్పీకర్ కలపండి.

అమ్మినవాళ్లకి ఫోన్ చేశాను. "సార్, మీరు కొత్తగా నేర్చుకుంటున్నారు కదా, రాంగ్‌గా కనెక్ట్ చేసుంటారు" అన్నారు. ప్యాకింగ్ విప్పాక రిటర్న్ లేదన్నారు. నేను నమ్మేశాను. కొత్తవాడికి పార్టు తప్పా, తన చెయ్యి తప్పా తెలిసే దారి ఉండదు. వీళ్లు సరుకు అమ్మేది సరిగ్గా అలాంటివాళ్లకే. మెకానిక్‌కి ఇలాంటిది అంటగడితే మర్నాడు షాపు ముందుకొచ్చి నిలబడతాడు. నేర్చుకునేవాడు తనను తాను తిట్టుకుని ఊరుకుంటాడు.

జూలైలో మా వీధిలో ఉండే బాబాయి, ముప్పై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసినాయన, యాంప్ మూలన పడి ఉండటం చూసి సంగతేంటని అడిగాడు. చెప్పాను. "పోయినవి పారేశావా, ఉన్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. ఒకదాన్ని వైసులో బిగించి, కటింగ్ ప్లేయర్‌తో నల్లటి ప్లాస్టిక్‌ని అంచుల నుంచి కొంచెం కొంచెంగా పగలగొట్టాడు. కింద రాగి రేకు, దాని మీద అసలు సిలికాన్ ముక్క. పెసర గింజంత ఉంది. తర్వాత అదే యాంప్‌లోంచి నేను తీసేసిన పాతికేళ్ల నాటి పాతదాన్ని పగలగొట్టాడు. దాంట్లో ముక్క దాదాపు చిటికెన వేలి గోరంత ఉంది. రెండూ నా అరచేతిలో పక్కపక్కన పెట్టి, "ఇంత ముక్క అంత వేడి ఎట్లా మోస్తుందిరా? నువ్వు చేసిన పనిలో తప్పేం లేదు" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చిన్న ట్రాన్సిస్టర్ ముక్కని పెద్ద డబ్బాలో పెట్టి, పైన పెద్ద నంబరు ముద్రించడం ఇందులో మోసం. అందుకే మామూలు పరీక్షల్లో దొరకదు. మీటర్‌లో డయోడ్ టెస్ట్ పెడితే బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. గెయిన్ (కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) కూడా చూపిస్తుంది. సిరీస్ బల్బు పరీక్ష పాసవుతుంది, చిన్న సౌండ్‌లో వారం కాదు, నెల కూడా నడుస్తుంది. లోడ్ పడి వేడెక్కినప్పుడే చస్తుంది, అంటే పది మంది ముందు.

పగలగొట్టకుండా పట్టుకునే దారి ఒకటి బాబాయి చూపించాడు. కాంపొనెంట్ టెస్టర్‌లో కలెక్టర్, బేస్ కాళ్ల మధ్య కెపాసిటెన్స్ (చార్జి పట్టే సామర్థ్యం) కొలవాలి. ముక్క చిన్నదైతే కెపాసిటెన్స్ కూడా తక్కువే. అసలైనదని ఖాయంగా తెలిసిన ఒకదాన్ని, అదే నంబరుది, పక్కన పెట్టి అదే టెస్టర్‌తో పోల్చండి. నా కిట్‌లో మిగిలినవి ఏవీ సగం కూడా చూపించలేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 నంబర్లతో వెడల్పాటి పాత ప్యాకేజీని తోషిబా ఆపేసింది, ఆ నంబర్లతో ఇప్పుడు వచ్చేది చివర ఎన్ అక్షరం ఉన్న చిన్న ప్యాకేజీ. పాత సైజులో, తోషిబా ముద్రతో, తళతళలాడుతూ జత 60 రూపాయలకే ఇస్తామంటే అనుమానించాల్సిందే.

ఇక మిగిలిన సరుకు కూడా చూద్దామని ఆ రోజే కూర్చున్నాం. 10,000 మైక్రోఫారడ్, 63 వోల్టులు అని రాసున్న కండెన్సరు చేతికే తేలిగ్గా అనిపించింది. కొలిస్తే 3,900 చూపించింది. ఇలాంటివాటికి 20 శాతం తేడా మామూలే అనుకున్నా 8,000 తగ్గకూడదు. అంచు కోసి చూస్తే పెద్ద డబ్బాలో చిన్న కండెన్సరు, మధ్యలో ఖాళీ. టీఎల్072ల మీద అసిటోన్ తడిపిన దూదితో రుద్దితే అక్షరాలు చెరిగిపోయాయి, కింద ఇసుక కాగితంతో గీకిన గీతలు కనిపించాయి. అవి పనిచేస్తాయి, కాకపోతే ప్రీయాంప్‌లో వేస్తే సర్‌మని హిస్ వస్తోంది. లోపల ఏ ఐసీ ఉందో ఎవరికి తెలుసు?

లెడ్ రీలు మీద 60/40 అని, అంటే 60 వంతులు తగరం, 40 వంతులు సీసం అని ఉంది. అసలు 60/40 దాదాపు 190 డిగ్రీలకు పూర్తిగా కరిగి మెరుస్తూ పారుతుంది. ఇది ఎంతసేపు కాల్చినా ముద్దలా ఉండి, జాయింట్లు బూడిద రంగులో వచ్చేవి. ఎక్కువసేపు కాల్చడంతో బోర్డు మీద రెండు ట్రాకులు లేచిపోయాయి. చెయ్యి కుదరడం లేదని రోజుల తరబడి ప్రాక్టీసు చేశాను. బాబాయి దగ్గరున్న మంచి లెడ్‌తో అదే ఐరన్ పెట్టి వేస్తే మొదటి జాయింటే అద్దంలా వచ్చింది.

మీటర్ సంగతి మాత్రం ప్రాణానికి సంబంధించింది, జాగ్రత్తగా చదవండి. కిట్‌లో ఇచ్చింది పసుపు రంగు చవక రకం. దాని 10 ఆంపియర్ల సాకెట్ దగ్గర "అన్‌ఫ్యూజ్డ్" అని వాళ్లే రాశారు, అంటే ఆ దారిలో ఫ్యూజే లేదు. కరెంటు కొలిచాక వైరు ఆ సాకెట్‌లోనే మర్చిపోయి మెయిన్స్ మీద పెడితే నేరుగా షార్ట్ అవుతుంది, మీటర్ చేతిలోనే పేలుతుంది. బ్యాటరీల మీద నేర్చుకోవడానికి అది సరిపోతుంది, 230 వోల్టుల దగ్గరికి మాత్రం తేవద్దు. అలాగే యాంప్ ఆఫ్ చేసినా పెద్ద కండెన్సర్లలో చార్జి ఉంటుంది. ప్లస్ 55, మైనస్ 55 అంటే రెండు చివర్ల మధ్య 110 వోల్టులు. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేటెడ్ క్లిప్పులతో ఒక్కో కండెన్సరుకి నిమిషం పాటు పెట్టి, మీటర్‌లో వోల్టేజీ పడిపోయిందని చూశాకే చెయ్యి పెట్టండి. ఈ ముక్క కిట్‌తో ఇచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు.

అడాప్టరు "అన్ని కీబోర్డులకూ" అని ఇచ్చారు. అలాంటిది ఉండదు. క్యాసియో పాత మోడళ్లు చాలావాటికి 9 వోల్టులు, మధ్య పిన్ను మైనస్. అదే క్యాసియో కొత్తవాటికి 9.5 వోల్టులు, మధ్య పిన్ను ప్లస్. యమహా చిన్న కీబోర్డులకు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. గిటార్ పెడల్స్‌కి ఎక్కువగా 9 వోల్టులు, మధ్యలో మైనస్. కీబోర్డు వెనక ఉన్న గుర్తు చూడకుండా పెట్టొద్దు.

మరి ఎక్కడ కొనాలి అంటారా? పవర్ ట్రాన్సిస్టర్లు, పెద్ద కండెన్సర్లు మాత్రం కంపెనీల ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ల దగ్గరే కొనండి. ఎలిమెంట్14, మౌజర్, డిజీకీ లాంటివాళ్లు మన దేశానికీ పంపుతారు. నాకు కిట్ ధరకి మూడు రెట్లకు పైగా పడింది, షిప్పింగ్ కూడా భారమే. అందుకని నలుగురం కలిసి ఒకే ఆర్డరు పెట్టాం. రెసిస్టర్లు, వైర్లు, జాక్‌లు, స్విచ్‌లకి అంత అవసరం లేదు, కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో చూసి కొనుక్కోవచ్చు. అక్కడ మంచి షాపువాళ్లు "ఒరిజినలా, డూప్లికేటా, ఏది కావాలి?" అని ముందే అడుగుతారు. ఆ మాట విని కోప్పడొద్దు. డూప్లికేట్‌ని డూప్లికేట్ అని చెప్పి అమ్మేవాడు నాకు కిట్ అమ్మినవాళ్లకంటే వంద రెట్లు నయం.

పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, బిల్లు అడగండి. నా దగ్గర రెండూ లేవు, వాట్సాప్ మెసేజీలు, డబ్బు పంపిన రసీదు ఉన్నాయి. వాటితోనే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. కేసు నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.

మా యాంప్ మళ్లీ పాడుతోంది. అసలైన జతలు వేశాం, ప్రొటెక్షన్ బోర్డు వేశాం, వూఫర్‌కి గుంటూరులో కొత్త కాయిల్ కట్టించాం. చవితి పందిళ్లు దగ్గరకొచ్చాయి, తొమ్మిది రాత్రులు యాంప్‌లు ఆగకుండా మోగుతాయి. ఈ మధ్య ఇలాంటి కిట్‌లోంచో, చవగ్గా దొరికాయనో 5200, 1943 జతలు మార్చినవాళ్లుంటే మిగిలిన వాటిలో ఒకటి ఈ ఆదివారమే పగలగొట్టి చూడండి. లోపల పెసర గింజంత కనిపిస్తే ఆ యాంప్‌ని పందిట్లోకి పంపకండి.